ప్రభుత్వ డబ్బుతో చేసే పరిశోధన చేజారకుండా: ల్యాబ్‌లో ఎవరు ఏం చేయాలి

తార్నాకలో ఒక జిరాక్స్ షాపుకి పాస్‌పోర్టు కాపీల కోసం వెళ్లాను. నా ముందున్న అమ్మాయి పెన్‌డ్రైవ్ ఇచ్చి, "అన్నా, కలర్ ప్రింట్ నాలుగు సెట్లు, స్పైరల్ బైండింగ్" అంది. షాపతను ఫైల్ని తన డెస్క్‌టాప్ మీదకి లాగాడు. ఆ డెస్క్‌టాప్ నిండా అలాంటివే. థీసిస్ ఫైనల్, ఫైనల్ టూ, గైడ్ కరెక్షన్స్, ప్రపోజల్ న్యూ. ఎవరెవరివో, ఎప్పటివో. ఇంకా అచ్చుకాని ఫలితాలు అందులో ఎన్ని ఉన్నాయో ఆయనకీ తెలియదు. వాటితో ఆయనకి పని లేదు. తీసేసే తీరిక లేక ఉంచాడు, అంతే.

పరిశోధనకి భద్రత అనగానే మనకి నల్లకళ్లద్దాల గూఢచారి గుర్తొస్తాడు. ల్యాబుల్లో టెక్నికల్ పని చేసినన్నాళ్లూ నేను చూసింది మాత్రం ఎక్కువగా ఇలాంటివే. మన సౌకర్యం కోసం మనమే తీసిపెట్టి, మూయడం మర్చిపోయిన కిటికీలు.

ఇది డీఎస్‌టీ, డీబీటీ, సీఎస్‌ఐఆర్, ఐసీఎంఆర్, ఏఎన్‌ఆర్‌ఎఫ్ లాంటి, పరిశోధనకి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థల నుంచి ప్రాజెక్టు వచ్చిన కొత్త పీఐ (ప్రాజెక్టు నడిపే శాస్త్రవేత్త) కోసం, వాళ్ల దగ్గర చేరిన జేఆర్‌ఎఫ్‌ల (ఫెలోషిప్ మీద పనిచేసే జూనియర్ పరిశోధకుల) కోసం. కంచన్‌బాగ్ వైపు రక్షణ ల్యాబుల వాళ్లకి వేరే నియమాలున్నాయి. ఫోను గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి వెళ్లేవాళ్లకి నేను చెప్పాల్సిందేమీ లేదు. హబ్సిగూడ, తార్నాక, గచ్చిబౌలి, రాజేంద్రనగర్, కంది వైపు తెరిచిన గేట్ల మధ్య పనిచేసేవాళ్లకే ఈ మాటలు.

మొదటి పని: ఏది దాచాలో, ఏది దాచకూడదో రాసుకోండి

అన్నిటికీ తాళం వేయాలనుకుంటే ఏ తాళమూ సరిగ్గా పడదు. పైగా ప్రజల డబ్బుతో చేసిన సైన్సు ప్రజల దగ్గరికి వెళ్లాలి. మన ఊరిదే ఉదాహరణ చూడండి. బాక్టీరియా ఆకు ఎండు తెగుల్ని తట్టుకునే మెరుగుపరచిన సాంబ మసూరిని రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి తయారు చేశాయి. 2008లో విడుదలైంది. అది రైతు పొలంలో ఉంటేనే దాని విలువ. ఫ్రీజర్లో పెట్టి తాళం వేసి ఉంటే ఎవరికి లాభం?

కాబట్టి ఒక కాగితం తీసుకుని, టీ తాగుతూ మీ ప్రాజెక్టులో ఉన్నవాటిని మూడు కుప్పలుగా రాయండి. మొదటిది బయటికి వెళ్లాల్సినవి: అచ్చయిన పేపర్లు, వాటి డేటా, ప్రోటోకాల్స్. రెండోది వెళ్లేవే గానీ ఇంకా టైం రానివి: అచ్చుకాని ఫలితాలు, పేటెంటుకి వేయాల్సినవి, రివ్యూ కోసం మీ చేతికొచ్చిన వేరేవాళ్ల ప్రపోజల్స్. మూడోది అనుమతి లేకుండా కదలకూడనివి: రోగుల వివరాలు, మనుషుల రక్తం, కణజాలం శాంపిల్స్, వ్యాధికారక క్రిములు, ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్న పదార్థాలు, వాటిని తయారుచేసే పద్ధతి.

ఈ కాగితం అరపేజీ దాటితే మీరు భయంతో రాశారని అర్థం. మళ్లీ రాయండి. ఇకపై వచ్చే జాగ్రత్తలన్నీ రెండు, మూడు కుప్పలకే.

రెండో పని: యంత్రం పక్కన కూర్చున్న ముసలి కంప్యూటర్

దీని గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు.

హెచ్‌పీఎల్‌సీ, ఎన్‌ఎంఆర్, సీక్వెన్సర్, మైక్రోస్కోప్... ప్రతి పెద్ద యంత్రానికీ ఒక కంప్యూటర్ జతగా వస్తుంది. యంత్రం పదిహేనేళ్లు బతుకుతుంది, దాని సాఫ్ట్‌వేర్ మాత్రం కొన్న రోజునాటి విండోస్ మీదే నడుస్తుంది. విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ మద్దతు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది, విండోస్ 7కి 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో. అప్‌డేట్ చేద్దామంటే "సాఫ్ట్‌వేర్ పనిచేయదు, ఏఎంసీ (ఏడాది మరమ్మతు ఒప్పందం) వర్తించదు" అని కంపెనీ వాళ్లు అంటారు. దాన్ని మార్చలేం. మరి ఏం చేయాలి?

ముందు దాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీయండి. యంత్రం నడవడానికి ఇంటర్నెట్ అవసరం లేదు, మెయిల్ చూసుకోవడానికి మనకే అవసరం. నెట్‌వర్క్ తప్పనిసరైతే, మిగతా క్యాంపస్‌తో కలవని వేరే నెట్‌వర్క్‌లో పెట్టమని ఐటీ సెల్‌కి రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే ఆర్నెల్లు పడుతుంది. కాగితం మీద అడిగితే ఐదు నెలలు.

తర్వాత పెన్‌డ్రైవ్. ఆ యంత్రానికి ఒకే పెన్‌డ్రైవ్ ఉండాలి. దానికి ఎర్ర టేపు చుట్టి, దారంతో బల్లకి కట్టండి. డేటా ఆ పెన్‌డ్రైవ్‌లోకి, అక్కడి నుంచి యాంటీవైరస్ ఉన్న ఒకే ఒక కంప్యూటర్లోకి, అక్కడి నుంచి మీకు. యూనివర్సిటీ పిల్లలు శాంపిల్ నడిపించుకోవడానికి వచ్చి తమ పెన్‌డ్రైవ్ గుచ్చబోతారు. వద్దనండి, ఫైల్ మెయిల్ చేస్తామనండి. పెన్‌డ్రైవ్ ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో మీకు తెలియదు. తార్నాక షాపు గుర్తుంది కదా.

సర్వీస్ ఇంజనీర్ ఫోన్ చేసి "మేడమ్, ఎనీడెస్క్ ఆన్ చేయండి, ఇక్కడి నుంచే చూస్తా" అంటారు. దూరం నుంచే మీ కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ అది. మంచిదే, బెంగళూరు నుంచి ఆయన వచ్చేదాకా ఆగక్కర్లేదు. కానీ కాల్ మీరే మొదలుపెట్టి ఉండాలి. ఆయన పని చేస్తున్నంతసేపూ మీలో ఒకరు స్క్రీన్ చూస్తూ ఉండాలి. పని కాగానే ఆ సాఫ్ట్‌వేర్ మూసేసి, ఎవరూ లేనప్పుడు కూడా లోపలికి రానిచ్చే పాస్‌వర్డ్ పెట్టి ఉంటే తీసేయండి. మానిటర్ అంచున పసుపు కాగితం మీద రాసిన పాస్‌వర్డ్‌ని కూడా పీకేయండి. దాన్ని చూడని సందర్శకుడు ఉండడు.

చివరికి ఆ కంప్యూటర్ కండెమ్ అవుతుంది, అంటే ఇక పనికిరాదని తేల్చేస్తారు. స్టోర్స్ వాళ్లు లిస్టు రాసి వేలం వేస్తారు. వేలంలో హార్డ్ డిస్క్ కూడా పోతుంది, దాంతోపాటు పదిహేనేళ్ల డేటా. రైట్-ఆఫ్ ఫారం మీద సంతకం పెట్టే ముందు డిస్క్ బయటికి తీయించి మీ దగ్గర పెట్టుకోండి, లేదా పూర్తిగా చెరిపించండి. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన డేటా పోదు.

బ్యాకప్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే బిల్డింగ్‌లో. ఒక కాపీ ఎప్పుడూ కేబుల్ పీకేసి ఉండాలి. కంప్యూటర్‌కి రోజంతా గుచ్చి ఉంచిన డిస్క్‌ని రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కంప్యూటర్‌తో కలిపే లాక్ చేస్తుంది. మూడు నెలలకోసారి ఒక ఫైల్ తీసి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

మూడో పని: వెళ్లిపోయేవాళ్ల దగ్గర తాళాలు తీసుకోవడం

పిల్లలు పీహెచ్‌డీ ముగించి వెళ్లేటప్పుడు నో డ్యూస్ ఫారం పట్టుకుని తిరుగుతారు. లైబ్రరీ సంతకం పెడుతుంది, హాస్టల్ పెడుతుంది, స్టోర్స్ పెడుతుంది. డేటా గురించి అడిగే గడి ఆ ఫారంలో ఉండదు.

నాకు తెలిసిన ఒక ల్యాబ్‌కి ఉమ్మడి జీమెయిల్ ఉండేది. కెమికల్స్ కంపెనీల కొటేషన్లు, కొలాబొరేటర్ల ఫైళ్లు అన్నీ దానికే. ఒకరోజు పాస్‌వర్డ్ పనిచేయలేదు. ఓటీపీ ఏ నంబరుకి వెళ్తోందని చూస్తే, నాలుగేళ్ల కిందట జర్మనీ వెళ్లిపోయిన ఒకబ్బాయి పాత సిమ్‌కి. ఆ నంబరు ఈపాటికి ఎవరికి ఇచ్చారో! ఆ అబ్బాయి తప్పేం లేదు. వెళ్లేటప్పుడు ఎవరూ అడగలేదు.

అందుకని మీ ల్యాబ్‌కి మీరే ఒక పేజీ నో డ్యూస్ తయారు చేసుకోండి. ల్యాబ్ నోట్‌బుక్ ఒరిజినల్ ఇక్కడే ఉండాలి, కావాలంటే కాపీ తీసుకెళ్లొచ్చు. సొంత జీమెయిల్ డ్రైవ్‌లో ఉన్న ప్రాజెక్టు ఫైళ్లు సంస్థ అకౌంట్‌లోకి మారాలి. "లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని షేర్ చేసినవి మూసేయాలి. మైనస్ 80 ఫ్రీజర్లో తమ డబ్బాల్లో ఏముందో లిస్టు ఇవ్వాలి. ల్యాబ్ వెబ్‌సైట్, బుకింగ్ షీటు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్... ఇవన్నీ అప్పగించాలి. ఆ పేజీ మీద సంతకం అయ్యాకే పార్టీ.

నోట్‌బుక్ అన్నాను కాబట్టి ఒక మాట. పేజీ నంబర్లు, తేదీలు, పక్కన సాక్షి సంతకం. ఇదేదో ఆడిట్ కోసం చేసే తంతు అనుకోకండి. పసుపుతో గాయాలు మానతాయన్నదాని మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చారు. సీఎస్‌ఐఆర్ సవాలు చేసి, ఇది మా దగ్గర ఎప్పుడో రాసిపెట్టి ఉందని పాత గ్రంథాలు, అచ్చుకాగితాలు చూపించింది. 1997లో పేటెంటు రద్దయింది. పసుపు రాస్తే గాయం మానుతుందని మన అమ్మమ్మలందరికీ తెలుసు, కానీ అక్కడ పనికొచ్చింది కాగితమే.

నాలుగో పని: ఫోను, జిరాక్స్, ఏఐ

బ్లూ లైన్ మెట్రోలో ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ దగ్గర ఎక్కి రాయదుర్గం దాకా వెళ్లండి. దారిలో కనీసం ఒక పేపర్ రివ్యూ, ఒక సెలెక్షన్ కమిటీ గొడవ మీ చెవిన పడతాయి. రెండో కుప్పలో ఉన్న విషయాలు ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తే దిగాక మాట్లాడండి.

థీసిస్ ప్రింటుకి అన్ని ఫైళ్లూ ఉన్న పెన్‌డ్రైవ్ బదులు, ప్రింట్ తీయాల్సిన పీడీఎఫ్ ఒక్కటే పట్టుకెళ్లండి. ప్రింట్ అవగానే "అన్నా, డెస్క్‌టాప్ మీద డిలీట్ చేయి, రీసైకిల్ బిన్ కూడా" అని పక్కన నిలబడి చేయించండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. పేటెంటు పెండింగ్‌లో ఉంటే సంస్థ ప్రింటర్ మీదే తీసుకోండి, బైండింగ్ మాత్రం బయట.

ఏఐ విషయం. ఆర్థిక శాఖ 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్ల మీద చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని తన ఉద్యోగులకి చెప్పింది. మీ సంస్థ ఏం చెప్పిందో ముందు కనుక్కోండి. ఏమీ చెప్పకపోతే కుప్పల కాగితం చూడండి. మొదటి కుప్పలోదైతే ఇంగ్లీషు దిద్దించుకోండి, ఎవరికీ నష్టం లేదు. రెండు, మూడు కుప్పల్లోవి అందులో పేస్ట్ చేయకండి. వేరేవాళ్ల ప్రపోజల్‌ని రివ్యూ కోసం అందులో వేయడం మరీ తప్పు, అది మీ సొత్తు కూడా కాదు.

ఐదో పని: విదేశీ సహకారం, భయపడకుండా, దాచకుండా

ఇక్కడే ఎక్కువమంది రెండు అంచులకి పోతారు. ఒకరు ప్రతి విదేశీ మెయిల్‌నీ అనుమానిస్తారు, ఇంకొకరు "అంతా సైన్సే కదా సార్" అని శాంపిల్ కొరియర్ చేసేస్తారు.

అమెరికాలో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. హార్వర్డ్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ చార్లెస్ లీబర్‌ని 2021 డిసెంబరులో దోషిగా తేల్చారు. చైనా టాలెంట్ ప్రోగ్రాంలో (విదేశాల్లోని శాస్త్రవేత్తల్ని డబ్బిచ్చి పిలిచే పథకంలో) చేరడం దానంతట అది అక్కడ నేరం కాదు. అడిగిన ప్రభుత్వ సంస్థలకి ఆ సంబంధం గురించి అబద్ధం చెప్పడం, వచ్చిన ఆదాయాన్ని పన్ను లెక్కల్లో చూపకపోవడం ఆయన మీదకి వచ్చాయి. మరోవైపు ఎంఐటీ ప్రొఫెసర్ గాంగ్ చెన్ మీద, చైనా సంబంధాలు దాచారని పెట్టిన కేసుని 2022 జనవరిలో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. ఆ మరుసటి నెలలోనే, చైనాకి రహస్యాలు చేరవేసేవాళ్లని పట్టుకోవడానికి 2018లో మొదలుపెట్టిన చైనా ఇనిషియేటివ్ అనే కార్యక్రమాన్ని కూడా ఆపేశారు. మనుషుల్ని పుట్టిన దేశాన్ని బట్టి అనుమానిస్తోందన్న విమర్శ దాని మీద గట్టిగా వచ్చింది. మీ ల్యాబ్‌లోనూ ముఖం చూసి, పాస్‌పోర్టు చూసి నియమాలు మార్చకండి. ఏ వస్తువు, ఏ డేటా, ఎక్కడికి అన్నదే చూడండి.

సహకారం మొదలయ్యే ముందు ఈ వరసలో వెళ్లండి.

అవతలివాళ్లు డబ్బు ఇస్తున్నారా, పదవి ఇస్తున్నారా, యంత్రం ఇస్తున్నారా? ఇస్తుంటే మీ డైరెక్టర్‌కి, నిధులిచ్చే సంస్థకి రాసి చెప్పండి. గౌరవ ఫెలోషిప్ అయినా సరే. చెప్పినదాని వల్ల ఇబ్బంది అరుదు.

పంపేది వస్తువైతే ఎంటీఏ (పదార్థాన్ని ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం) రాసుకోండి: ఎవరు వాడొచ్చు, మూడోవాళ్లకి ఇవ్వొచ్చా, మిగిలింది ఏం చేయాలి.

మన దేశంలో దొరికిన మొక్క, సూక్ష్మజీవి, విత్తనం అయితే జీవవైవిధ్య చట్టం, 2002 వర్తిస్తుంది. వాటిని, వాటి మీద పరిశోధన ఫలితాల్ని విదేశీయులకి ఇవ్వాలంటే చెన్నైలో ఉన్న జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన ఉమ్మడి ప్రాజెక్టులకి మినహాయింపు ఉంది. మీది ఆ కోవలోకి వస్తుందో లేదో సంస్థలో అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

ఆరోగ్య పరిశోధనలో విదేశీ భాగస్వామి ఉంటే ఐసీఎంఆర్ ద్వారా నడిచే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి. మీ ఎథిక్స్ కమిటీ సరే అన్నంత మాత్రాన సరిపోదు.

ఇక స్కోమెట్. మూడో కుప్పలో చెప్పిన ఎగుమతి నియంత్రణ జాబితా ఇదే. మామూలు పనులకీ ఆయుధాలకీ, రెండు రకాలుగా వాడగలిగే రసాయనాలు, క్రిములు, పదార్థాలు, పరికరాలు, టెక్నాలజీలు ఇందులో ఉంటాయి. విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. చాలామంది పొరపడేది ఎక్కడంటే, పెట్టెలో పెట్టి ఓడెక్కిస్తేనే ఎగుమతి అనుకుంటారు. జాబితాలో ఉన్న టెక్నాలజీ డ్రాయింగ్‌ని మెయిల్ చేయడం కూడా ఎగుమతే. ఇప్పటికే అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం, మౌలిక శాస్త్ర పరిశోధన దీని కిందికి రావు కాబట్టి కంగారు పడకండి. ఏడాదికోసారి మీ ఫ్రీజర్ లిస్టునీ ఆ జాబితానీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. టాక్సిన్ల మీద, మిశ్రలోహాల మీద, డ్రోన్ల మీద పనిచేసేవాళ్లు మాత్రం రెండుసార్లు చూడండి.

ఆరో పని: ముందు ఫైలింగ్, తర్వాత పోస్టర్

పేటెంటు వేయాలనుకుంటే వేసేదాకా బయట చెప్పకండి. పేపరే అక్కర్లేదు, కాన్ఫరెన్స్ పోస్టర్ చాలు కొత్తదనం పోవడానికి. చట్టంలో చిన్న మినహాయింపులు ఉన్నాయి గానీ వాటి మీద ఆధారపడి పోస్టర్ వేయకండి. థీసిస్ శోధ్‌గంగలోకి (అందరూ చూడగలిగే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారంలోకి) ఎక్కినా బయటపడ్డట్టే. అవసరమైతే కొంతకాలం ఆపి ఉంచమని యూనివర్సిటీని ముందే అడగండి.

ఇక్కడ ఉంటూ చేసిన ఆవిష్కరణకి నేరుగా విదేశంలో పేటెంటు వేయకూడదు. ముందు ఇక్కడ దరఖాస్తు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా పేటెంట్ ఆఫీసు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. పేటెంట్ల చట్టం 39వ సెక్షన్. విదేశీ కో-ఆథర్ "మా యూనివర్సిటీ రేపే ఫైల్ చేస్తుంది" అని ఉత్సాహపడితే ఈ సెక్షన్ నంబరు మెయిల్‌లో పెట్టండి.

సెప్టెంబరు 26న సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినమని స్కూలు పిల్లలు వస్తే రానివ్వండి. గోడ మీద నిన్నటి గ్రాఫులు ఉంటే ఆ ఒక్కరోజుకి తిప్పి పెట్టండి.

ఏడో పని: ముక్కూముఖం తెలియని అభిమానులు

"డియర్ ఎమినెంట్ సైంటిస్ట్" అని వచ్చే ఆహ్వానాల్లో చాలావరకు రిజిస్ట్రేషన్ ఫీజు కోసమే. అవి చిరాకు, అంతే. జాగ్రత్త పడాల్సింది మీ పేపర్ నిజంగా చదివి రాసేవాళ్ల దగ్గర. మొదట పొగడ్త, తర్వాత చిన్న ప్రశ్న, తర్వాత డబ్బిచ్చి రాయించుకునే రిపోర్టు, ఆ తర్వాత పేపర్లో లేనిదాని మీద ప్రశ్న. 2022 జూన్‌లో మన ఊళ్లోనే ఒక రక్షణ ల్యాబ్ కాంట్రాక్టు ఉద్యోగిని పోలీసులు అరెస్టు చేశారు. సోషల్ మీడియాలో పరిచయమైన మహిళ పేరున్న అకౌంట్‌కి వివరాలు పంపారన్నది ఆరోపణ.

ఎవరైనా అలా రాస్తే, వాళ్ల సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి నిజంగా ఉన్నారో లేదో కనుక్కోండి, మెయిల్ కింద ఉన్న నంబరుకి చేయకండి. అచ్చయిన పేపర్ పంపండి. మిగతా ప్రశ్నలకి "గైడ్‌ని అడిగి చెప్తాను" అనండి. నిజమైన శాస్త్రవేత్త ఆగుతాడు, రెండోవాడు తొందరపెడతాడు.

ఎనిమిదో పని: జరిగిపోయిన రోజు

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ దెబ్బకి ఆగిపోయాయి. ఓపీ చీటీల దగ్గర నుంచి అన్నీ చేత్తో రాయాల్సి వచ్చింది. అంత పెద్ద ఆస్పత్రికే జరిగింది, మీకూ జరగొచ్చు అనుకుని ముందే ఒక కాగితం రాసి తలుపు లోపలి వైపు అంటించండి. దాని మీద ఇంతే ఉండాలి.

ల్యాన్ కేబుల్ పీకు, వైఫై ఆపు. కంప్యూటర్ మాత్రం ఆఫ్ చేయకు, ఆధారాలు అందులోనే ఉంటాయి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి టైం రాయి. ఐటీ సెల్‌కి ఫోన్ చేయి, తర్వాత పీఐకి. అర్ధరాత్రి అయినా సరే.

ఐటీ సెల్ నంబరు కింద, సైబర్ దాడుల్ని చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ నంబరు 1800-11-4949 రాయండి. 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తెలిసిన ఆరు గంటల్లోపు మీ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి. సిస్టం లాగ్‌లు 180 రోజులు దాచి ఉంచాలి. ఎవరి డబ్బైనా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేయాలి. డబ్బు అడిగేవాళ్లతో మీరు బేరాలాడకండి, అది మీ స్థాయి నిర్ణయం కాదు.

ఆరు గంటలు ఎలా అయిపోతాయో నేను చూశాను. సాయంత్రం నాలుగింటికి ఒక జేఆర్‌ఎఫ్ తప్పు లింక్ నొక్కాడు. సార్ తిడతారేమోనన్న టెన్షన్‌తో ఎవరికీ చెప్పకుండా తనే యూట్యూబ్ చూసి బాగుచేయబోయాడు. మర్నాడు పదింటికి గానీ బయటపడలేదు. అప్పటికి పక్క గదిలోని మూడు కంప్యూటర్లు కూడా పోయాయి. ఆ రోజు ఆ గైడ్ వాణ్ణి ఏమీ అనలేదు. ల్యాబ్ మీటింగ్‌లో తను రెండేళ్ల కిందట అలాంటి మెయిల్‌నే నమ్మి పాస్‌వర్డ్ కొట్టిన సంగతి చెప్పారు. ఆ నెలలోనే ఇంకో అమ్మాయి అనుమానం వచ్చిన మెయిల్‌ని నొక్కకుండా స్క్రీన్‌షాట్ తీసి, "మేడమ్, ఇది నిజమేనా?" అంటూ నా గదికి వచ్చింది. ఐదు నిమిషాల పని.